ఎం పదిహేడు, చుక్క, సున్నా

రెండు మోకాళ్లూ అరిగితే చుక్క తర్వాత సున్నా.
కుడిది ఒక్కటే అయితే ఒకటీ ఒకటి,
ఎడమదైతే ఒకటీ రెండు.
ఏ కాలో డాక్టరు రాయడం మరిస్తే తొమ్మిది.
తొమ్మిది వేస్తే మా ఆడిటరు ఖాజాపీర్
అద్దాలు నెత్తికెక్కించి అడుగుతాడు:
"కాలు గూడా కనుక్కోలేకపోతివా, సుభాషిణీ?"

కడప ఏడురోడ్ల కాడ, మందులంగడి మీద మూడో అంతస్తు.
ఇక్కడ నేను మనుషుల్ని చూడను.
స్కాను చేసిన కాగితాలొస్తాయి,
కొన్ని తలకిందులుగా,
కొన్నింటి మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా.
తుంటికి పదహారు, బొటనవేలి మొదలుకు పద్దెనిమిది.
ఆ పద్దెనిమిదిలో బీడీలు చుట్టిన వేళ్లెన్నో
కాగితం చెప్పదు, నేను అడగను.

మాబున్ని. యాభై రెండు. ఎర్రగుంట్ల.
రెండు మోకాళ్ల నొప్పి, ఎనిమిదేళ్లుగా.
ఎక్స్‌రేలో కీలు సందు లేదు:
సున్నం పెట్టకుండా ఒకదానిమీదొకటి దించిన బండల మాదిరి
తొడ ఎముక, కాలి ఎముక.
అంచుల్లో ముళ్లు మొలిచినాయి.
గ్రేడు నాలుగు. ఐదు లేదు ఆ లెక్కలో.

కారణం తెలిస్తే అది సెకండరీ.
తెలియకపోతే ప్రైమరీ.
నేర్చుకునేటప్పుడు నాకిది తిరగబడినట్టు ఉండేది,
ఏమీ తెలియనిదానికి మొదటి పీట ఎందుకని.

ఆఖరి పేజీలో, ఊదా రంగు పెన్నుతో,
నర్సు కరుణమ్మ తెలుగులో రాసిపెట్టింది, అన్నది అన్నట్టే:
"ఇరవై ఆరేండ్లు నాపరాయి గనిలో చేసినా సిస్టరూ.
పొద్దన గొంతుకూచుంటే
మళ్ల సద్దికే లేసేది.
బండ తిరగేయాలంటే మోకాలు ఆనించాల,
చేతులు చాలవు గదా."

నర్సు రాసింది కోడుకు పనికిరాదు.
డాక్టరు రాయాల.
రాయనిది జరగలేదు. మాకు మొదటిరోజు నేర్పిన పాఠమిది.

డాక్టరుకు ప్రశ్న పంపినా.
ప్రశ్నలో జవాబు ఉండకూడదు, అదొక నియమం.
గని అనకూడదు, రాయి అనకూడదు.
"కీళ్ల అరుగుదలకు కారణమేమైనా ఉంటే
దయచేసి స్పష్టపరచగలరు."
మూడు రోజులకు ఒక్క మాట వచ్చింది:
వయసు.

సున్నా వేసినా.
ఆ సాయంత్రం లిఫ్టు పనిచేయక మెట్లు దిగుతాంటే
కాళ్లకింద నల్లగా, నున్నగా, ముఖం కనపడేట్టు...
చెప్పులు చేతికి తీసుకోవాలనిపించింది.
తీసుకోలేదు. వెనక జనం ఉండారు.

ఏడు నెలలకు మళ్లీ అదే పేరు.
ఇప్పుడు ఎడమది మాత్రమే, ఒకటీ రెండు.
కుడిదానికి వేరే అక్షరం, జెడ్ తొంభై ఆరు:
లోపల కృత్రిమ కీలు కలదు.
కింద అదే ఊదా పెన్ను.
"కుడికాలు బాగుండాది. నడుస్తాండా.
గొంతుకూచోవద్దని చెప్పినారు, ఎప్పటికీ.
కూచోకుండా బండపని యాడుంటాది?
మేస్త్రీ వేరేదాన్ని పెట్టుకున్యాడు."

పుస్తకం వెనకపక్క, ఎవరూ తిప్పని పేజీల్లో
పని పోయినోళ్లకు ఒక వరుసుంది, జెడ్ యాభై ఆరు.
దానికి రూపాయి రాదు.
మొదట్లో సూచనల మధ్య, చిన్నక్షరాల్లో,
ఇన్నేండ్లూ నేను దాటేసిన వాక్యం:
ఇటువంటి వరుసలకు నర్సు రాసినా చెల్లును.

రెండుసార్లు చదివినా.
వేసినా.

ఖాజాపీర్ అద్దాలు కిందికి దించుకొని చూసినాడు.
"దీనికేమన్నా వస్తాదా?"
రాదన్నా.
కొట్టేయలేదు. వేయమనీ అనలేదు.
తరువాతి ఫైలు తెరుస్తా
టేబులు కింద మోకాలు రుద్దుకున్నాడు.
ఏ కాలో నాకు కనపడలేదు.